పదో తరగతి పిల్లల చేతికి ఊరి నీళ్ల లెక్క
హైస్కూలు ప్రాజెక్టు ఎంచుకోవడం ఎలా? చివరిదాకా తీసుకెళ్లడం ఎలా?

నల్లగొండ : హైస్కూలు పిల్లలున్న ఇళ్లలో ఏటా ఒకసారి ఈ మాట వినపడుతూనే ఉంటుంది. “నాన్నా, సారు ప్రాజెక్టు చేసి తెమ్మన్నడు, అయిదు వందలు కావాలె.” ఆ అయిదు వందలకు టౌనులోని దుకాణంలో థర్మోకోల్ పలక, రంగులు, చిన్న బల్బు, బ్యాటరీ వస్తాయి. ఇంకొంత ఇచ్చుకుంటే తయారుచేసిన నమూనాయే దొరుకుతుంది. అగ్నిపర్వతం, సౌర కుటుంబం, గాలిమర, ఏది కావాలంటే అది. పిల్లవాడు దానిని బస్సులో ఒళ్లో పెట్టుకుని విరగకుండా తెస్తాడు. ప్రదర్శన రోజున బల్లమీద పెడతాడు. వారం తిరిగేసరికి అది బడి సామాన్ల గదిలో ఒక మూలకు చేరుతుంది.

డబ్బు తండ్రిది, పని దుకాణదారుది. పిల్లవాడు నేర్చుకున్నది ఏమిటని అడిగితే జవాబు లేదు. సెల్‌ఫోనులో చూసి నాలుగు పేజీలు ఎత్తిరాసి తెచ్చే ప్రాజెక్టుల సంగతీ అంతే. రాసినవాడికే అందులో ఏముందో తెలియదు.

ప్రాజెక్టు అంటే అసలు ఇది కాదు. తనకు తెలియని ఒక ప్రశ్న వేసుకుని, దానికి జవాబు తానే వెతికి, ఆ వెతికిన తీరును పదిమంది ముందు చెప్పగలగడమే ప్రాజెక్టు. ఈ పని చేయించడానికే బాలల సైన్స్ కాంగ్రెస్ అనే కార్యక్రమం 1993 నుంచి దేశమంతటా నడుస్తోంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ దీనికి ఆధారం. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు ఎవరైనా చేరవచ్చు. పద్నాలుగు దాటినవారిది సీనియర్ల విభాగం. అంటే మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తొమ్మిది, పది తరగతులవారు ఎక్కువమంది ఇందులోకే వస్తారు. బడి మానేసిన పిల్లలకు కూడా తలుపు మూసిలేదు. ఇద్దరు కలిసి ఒక జట్టు, దారి చూపడానికి ఒక ఉపాధ్యాయుడు. ముందు జిల్లా స్థాయి, తర్వాత రాష్ట్రం, ఆ తర్వాత జాతీయ స్థాయి. జిల్లాలో తెలుగులోనే రాయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంగ్లీషు రాదని వెనుకాడేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కొత్త పరికరం చేయాలన్న ఆలోచన ఉన్న పిల్లలకు ఇన్‌స్పైర్ మానక్ అనే మరో పథకం ఉంది. బడి తరఫున ఆలోచనలు పంపితే, ఎంపికైనవాటికి పదివేల రూపాయలు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో వేస్తారు. దాని దారి వేరు కాబట్టి దానిని ఇక్కడితో వదిలేద్దాం.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది?

ప్రాజెక్టులో సగం పని ప్రశ్న ఎంచుకోవడమే. “నీటి కాలుష్యం” అనేది ప్రశ్న కాదు, పాఠం పేరు. “మా ఊళ్లో నల్లా నీళ్లు వస్తున్నా ఎన్ని ఇళ్లలో ఇంకా బోరు నీళ్లతో వంట చేస్తున్నారు?” అన్నది ప్రశ్న. దానికి ఇల్లిల్లూ తిరిగితే జవాబు దొరుకుతుంది, లెక్క కడితే సంఖ్య వస్తుంది. నడిచి వెళ్లి చూడగలిగినది, వేళ్లతో లెక్కపెట్టగలిగినది, మూడు నెలల్లో ముగిసేది అయితేనే హైస్కూలు పిల్లలు చేపట్టాలి. ఎంత చిన్న ప్రశ్న అయితే అంత మంచిది.

అటువంటి ప్రశ్నలు మన జిల్లాలో వెతకనవసరం లేదు. కాళ్ల కింద, నోటి ముందు ఉన్నాయి. ఫ్లోరైడ్ మాటే తీసుకుందాం.

ఫ్లోరైడ్ వలన ఎముకలు వంకరపోయే వ్యాధిని మన దేశంలో మొదట 1937లో గుర్తించారు. అది అప్పటి మద్రాసు రాజధానిలో, నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి ప్రాంతాల్లో. కానీ ఫ్లోరైడ్ అనగానే దేశానికి గుర్తుకొచ్చేది నల్లగొండే. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ 1970లలో రూపొందించి దానికి “నల్లగొండ పద్ధతి” అని పేరు పెట్టింది. ఆఫ్రికాలో టాంజానియా, కెన్యా దేశాల్లో కూడా మన జిల్లా పేరుతోనే దానిని పిలుస్తారు. ఇది గర్వపడవలసిన పేరో కాదో పాఠకులే ఆలోచించుకోవాలి. 1996 పార్లమెంటు ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడి, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంగా అచ్చువేయవలసిన పరిస్థితి తెచ్చింది కూడా ఈ నీళ్ల గోడే. మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశల స్వామి ఆ గోడుకు ముఖమై, 2023 జనవరిలో కన్నుమూశారు.

2016 ఆగస్టులో మిషన్ భగీరథ ప్రారంభమైంది. తర్వాతి ఏళ్లలో ఊరూరికీ పైపులు పడి, ఇంటింటికీ నల్లాలు వచ్చాయి. రాష్ట్రంలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని 2020 నాటికి ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. లెక్క కాగితం మీద ఉంది. మన ఊళ్లో, మన వాడలో, మన ఇంట్లో సంగతి ఏమిటన్నది కాగితం చెప్పదు. నల్లా ఉన్నంత మాత్రాన అందరూ ఆ నీళ్లే తాగుతున్నారనుకోవడానికి లేదు. కొందరు ఫిల్టరు డబ్బా కొంటారు. కొందరు తాగడానికి డబ్బా, వంటకు బోరు అంటారు. పొలంలో పనిచేసేవారు మోటారు దగ్గరి నీళ్లే తాగుతారు. పదిహేనేళ్ల పిల్లలు తెలుసుకోదగినది, తెలుసుకోగలిగినది ఇది.

పళ్లు చెప్పే సాక్ష్యం

ఇక్కడ ఒక చిత్రమైన విషయం ఉంది. పిల్లలు ఆరు నుంచి ఎనిమిదేళ్ల వయసులో ఉండగా పాలపళ్లు ఊడి కొత్త ముందుపళ్లు వస్తాయి. ఆ పళ్ల పైపొర మాత్రం బిడ్డకు అయిదేళ్లు నిండకముందే చిగురు లోపల తయారై ఉంటుంది. ఆ వయసులో ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న నీళ్లు తాగితే ఆ పొరమీద సుద్ద గీసినట్లు తెల్లని చారలు, ఎక్కువైతే గోధుమరంగు మరకలు, ఇంకా ఎక్కువైతే గుంటలు పడతాయి. తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా ఆ మరక పోదు. పన్ను తయారయ్యాక తాగిన చెడ్డ నీళ్లవల్ల ఆ పన్నుకు కొత్తగా ఈ మరక రాదు. కాబట్టి ముందుపళ్లు చూస్తే ఆ బిడ్డ అయిదేళ్ల లోపు ఏ నీళ్లు తాగిందో తెలిసిపోతుంది.

ఇప్పుడు పదో తరగతి చదివేవారు 2010 ప్రాంతంలో పుట్టినవారు. వాళ్ల పళ్లు తయారైనప్పుడు చాలా ఊళ్లకు భగీరథ నీళ్లు రాలేదు. మూడో తరగతి పిల్లలు నల్లాలు వచ్చాక పెరిగినవారు. ఈ రెండు తరగతుల ముందుపళ్లను పక్కపక్కన లెక్కవేస్తే, పైపులో వచ్చిన నీళ్లు నోటిదాకా వెళ్లాయో లేదో తేలుతుంది. ప్రయోగశాల అవసరం లేదు, రూపాయి ఖర్చు లేదు. పగటి వెలుతురు, ఒక నోటుబుక్కు చాలు. ఇంతకంటె మంచి ప్రాజెక్టు మన జిల్లా హైస్కూలు పిల్లలకు దొరుకుతుందని మేము అనుకోవడం లేదు.

అయితే చూడటం నేర్చుకోవాలి. అమెరికా ప్రజారోగ్య శాఖలో పనిచేసిన ట్రెండ్లీ డీన్ అనే దంతవైద్యుడు 1930లలో పళ్ల మరకలకు మెట్లు ఏర్పరిచాడు. మరక లేనిది, అనుమానంగా ఉన్నది, బహు స్వల్పం, స్వల్పం, మధ్యమం, తీవ్రం అని ఆరు. దాదాపు పావు వంతు లోపు తెలుపు ఉంటే బహు స్వల్పం, సగం దాకా ఉంటే స్వల్పం, పన్నంతా కమ్మితే మధ్యమం, గుంటలు పడితే తీవ్రం. ప్రపంచమంతటా నేటికీ ఇదే వాడుతున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడినో, దంతవైద్యుడినో అడిగి ఒక గంట కూర్చుని నేర్చుకుంటే పిల్లలకు పట్టుబడుతుంది. ఫ్లోరైడ్ మరక రెండు వైపుల పళ్లకూ ఒకేలా, అడ్డగీతలుగా వస్తుంది. ఒక్క పంటికే మచ్చ ఉంటే అది దెబ్బ తగిలిందో, పుచ్చిందో అయి ఉంటుంది. గుట్కా గార వేరు.

జట్టులో ఇద్దరూ ఒకే నోటిని విడివిడిగా చూసి, ఒకరికొకరు చెప్పకుండా రాసుకోవాలి. తర్వాత పోల్చుకోవాలి. ఇరవై మందిలో పదిహేడు మందికి ఇద్దరి లెక్కా కలిస్తే చూపు కుదిరినట్లే. పదిమందికే కలిస్తే మళ్లీ వైద్యుడి దగ్గరకు వెళ్లవలసిందే.

ఒక మెలిక ఉంది. చాలా కుటుంబాలు బతుకుతెరువుకు హైదరాబాదో, భివండీయో, సూరతో వెళ్లి వచ్చినవే. అక్కడ పెరిగి వచ్చిన బిడ్డ పళ్లు మన ఊరి నీళ్ల సంగతి చెప్పవు. అందుకని ప్రతి పిల్లవాడికీ “అయిదేళ్లు వచ్చేదాకా ఎక్కడున్నావు?” అన్న ప్రశ్న వేయాలి. వాడికి గుర్తుండదు కాబట్టి ఇంట్లో అమ్మను అడగాలి. బయట పెరిగినవారి లెక్క వేరే కాగితం మీద రాయాలి.

పేరు రాయవద్దు

ఈ పనిలో పిల్లల మనసు నొచ్చుకునే ప్రమాదం ఉంది. పళ్లమీద మరకలున్న ఆడపిల్లలు నవ్వేటప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం మన జిల్లాలో కొత్త కాదు. ఫలానా ఊరి పిల్ల అంటే సంబంధాలు వెనక్కిపోయిన రోజులు పెద్దలకు తెలుసు. కనుక రిజిస్టరులో పేర్లు ఉండరాదు. అంకె, తరగతి, ఆడా మగా అన్నది, పెరిగిన ఊరు చాలు. ఫొటోలు తీయకూడదు. తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోవాలి. వద్దన్నవారిని బలవంతపెట్టరాదు, ఎంతమంది వద్దన్నారో మాత్రం రాసుకోవాలి. ఆడపిల్లల పళ్లు ఆడపిల్లలే, విడిగా చూడటం మేలు. మరక ఉన్న ఒక్క పిల్లను నలుగురూ వేలెత్తి చూపే పరిస్థితి వస్తే ఆ ప్రాజెక్టు చేయకపోవడమే మంచిది.

ఇల్లిల్లూ తిరగడం

పళ్ల లెక్క తర్వాత నీళ్ల లెక్క. ఊళ్లో మూడు వందల ఇళ్లుంటే అన్నీ తిరగనవసరం లేదు. ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు చీటీల మీద రాసి ఒకటి తీయాలి. మూడు వచ్చిందనుకుంటే మూడో ఇల్లు, ఎనిమిదో ఇల్లు, పదమూడో ఇల్లు, ఇలా ప్రతి అయిదో ఇంటికీ వెళితే అరవై ఇళ్లు అవుతాయి. సాయంత్రానికి నాలుగిళ్లు చూసినా పదిహేను రోజుల్లో పూర్తి. తెలిసినవాళ్ల ఇళ్లకే పోయి, దూరమని ఎస్సీ కాలనీనో తండానో వదిలేస్తే ఆ లెక్క ఊరి లెక్క కాదు. చాలా ప్రాజెక్టులు ఇక్కడే చెడతాయి.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. “పెద్దమ్మా, మీరు మంచి నీళ్లే తాగుతున్నరా?” అంటే ఎవరైనా అవునంటారు. “పెద్దమ్మా, పొద్దున చాయ పెట్టిన నీళ్లు ఎక్కడివి? పప్పు ఉడికించిన నీళ్లు?” అని అడిగితే నిజం వస్తుంది. వంట నీళ్ల సంగతి ఎందుకంటే, కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరేకొద్దీ మిగిలిన నీటిలో ఇంకా చిక్కనవుతుంది. కాచి చల్లార్చితే అన్నీ పోతాయన్న నమ్మకం మన ఊళ్లలో గట్టిగా ఉంది. క్రిములకు అది నిజమే, ఫ్లోరైడ్‌కు కాదు.

నీళ్ల నమూనాలు ఓ పది తీస్తే చాలు. నల్లా నుంచి, ఫిల్టరు ప్లాంటు నుంచి, తాగుతున్న ప్రతి బోరు నుంచి. గాజు సీసా పనికిరాదు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడగాలి. చేతిపంపు అయితే కొంతసేపు కొట్టి వదిలాక పట్టాలి. సీసామీద తేదీ, చోటు, బోరు లోతు రాయాలి. లోతు ఎందుకని అడిగేవారుంటారు. మన నేల కింద ఉన్న గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడ్ ఉంది, నీరు ఎంతకాలం ఆ రాళ్లను అంటిపెట్టుకుంటే అంత కరుగుతుంది, నీటిలో కాల్షియం తక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ నిలుస్తుంది. లోతుకూ ఫ్లోరైడ్‌కూ మన ఊళ్లో సంబంధం ఉందా లేదా అన్నది పిల్లలు స్వయంగా తేల్చుకోవచ్చు.

పరీక్షకు జిల్లాలోని గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలను హెడ్మాస్టరు ఉత్తరంతో ఆశ్రయించవచ్చు. 2019లో మొదలైన కేంద్ర జలజీవన్ మిషన్ కింద ఊళ్లలో మహిళలకు నీటి పరీక్ష పెట్టెల మీద శిక్షణ ఇచ్చారు. మీ పంచాయతీలో ఆ పెట్టె బీరువాలో ఉందేమో కార్యదర్శిని అడగండి. మందు చుక్కలు కలిపితే రంగు మారుతుంది, దానిని పట్టికలోని రంగుతో పోల్చి చూడటమే. మందు గడువు తీరిందేమో ముందు చూసుకోవాలి. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది. వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించితే తాగరాదు.

మాసిన నోటుబుక్కే మేలు

ప్రాజెక్టుకు ప్రాణం రోజువారీ పుస్తకం. ఏ రోజు ఎక్కడికి వెళ్లారు, ఎవరి ఇల్లు తాళం వేసి ఉంది, ఏ వీధిలో కుక్క తరిమింది, ఏ నమూనా చేయిజారి ఒలికింది, అన్నీ అందులో ఉండాలి. కొందరు చివరి రెండు రోజులు కూర్చుని మూడు నెలల పుస్తకాన్ని ఒకే పెన్నుతో అందంగా రాస్తారు. న్యాయనిర్ణేతలు అటువంటి పుస్తకాన్ని చూడగానే పోల్చుకుంటారు. మడతలు పడి, నూనె మరకలంటి, కొట్టివేతలున్న పుస్తకానికే విలువ.

లెక్కలు ఏడో తరగతి లెక్కలే. ఉదాహరణకు పదో తరగతిలో నలభై మందిని చూస్తే పద్దెనిమిది మందికి మరకలుంటే అది నూటికి 45. మూడో తరగతిలో ఇరవై అయిదు మందిలో నలుగురికి ఉంటే నూటికి 16. తగ్గిందని చెప్పవచ్చు. ఆ నలుగురు ఎవరన్నది అసలు ప్రశ్న. వారి ఇళ్లు ఒకే వాడలో ఉన్నాయా? అక్కడికి నల్లా ఆలస్యంగా వచ్చిందా? వచ్చినా చివరి ఇంటిదాకా నీళ్లు ఎక్కడం లేదా? ప్రాజెక్టు చివర “ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి” అని రాసి ముగించడం అలవాటైపోయింది. దానికి బదులు “ఫలానా వాడలో పదకొండు ఇళ్లకు నల్లా నీళ్లు అందడం లేదు” అని రాస్తే ఎవరైనా వెళ్లి చూసుకోగలరు.

ఇటువంటి లెక్క ఊరి పెద్దలకు రుచించకపోవచ్చు. ఫిల్టరు ప్లాంటు యజమానికి అసలే రుచించదు. పిల్లలు నేరుగా వెళ్లి వాదించే పని పెట్టుకోకూడదు. హెడ్మాస్టరు, గైడు ఉపాధ్యాయుడు కలిసి ముందు పంచాయతీకి ఒక ప్రతి ఇవ్వాలి, ఆ తర్వాతే చార్టుల మీదికి ఎక్కించాలి. వీలైతే గ్రామసభలో పిల్లలచేతనే చదివించాలి. తప్పులుంటే అక్కడే ఎవరో ఒకరు దిద్దుతారు, బోర్ల సంగతి రైతులకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

“పదో తరగతిలో ఇవన్నీ ఎందుకు, మార్కులు పోతాయి” అని తల్లిదండ్రులు అనడంలో అర్థం లేకపోలేదు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అందుకే పని జూన్‌లో మొదలుపెట్టి దసరాకు తిరుగుడంతా ముగించాలి. ఆడపిల్లలను సాయంత్రం ఇల్లిల్లూ తిరగనివ్వమనే ఇళ్లలో అమ్మో, అక్కో వెంట వెళితే సరిపోతుంది. ఆదివారం ఉదయాలు ఇంకా అనువు, అందరూ ఇంటిపట్టునే ఉంటారు.

సైన్స్ కాంగ్రెస్‌లో చెప్పడానికి ఇచ్చేది ఎనిమిది నిమిషాలు, చూపడానికి నాలుగు చార్టులు. బట్టీపట్టి చెప్పే పిల్లవాడు మధ్యలో ఒక ప్రశ్న వేస్తే ఆగిపోతాడు. అరవై ఇళ్లు తిరిగినవాడికి ఆ భయం ఉండదు. ఏ ప్రశ్న వేసినా ఏదో ఒక ఇల్లు గుర్తుకొస్తుంది.

బోర్లలో ఫ్లోరైడ్ వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా ఉండవచ్చు. కాబట్టి జూలైలో తీసిన చోట్లనే మే నెలలో మళ్లీ నమూనాలు తీయాలి. అప్పటికి పదో తరగతివారు పరీక్షలు రాసి బడి వదిలి వెళ్లిపోతారు. నోటుబుక్కు, బోర్ల పటం, ఖాళీ సీసాలు ఫిబ్రవరిలోనే తొమ్మిదో తరగతివారికి అప్పగించి, ఏ బోరు ఎక్కడుందో ఒకసారి వెంట తిప్పి చూపించాలి.